చేత్తో చేసిన చెక్క విల్లు పగిలితే ఎలా బాగుచేయాలి

విల్లు లాగుతుండగా 'టిక్' అని చిన్న చప్పుడు వినిపించిందా? అయితే అక్కడే ఆగండి. బాణం వదలొద్దు, నారిని ఖాళీగా అసలే వదలొద్దు. లాగిన నారిని వేళ్లతో పట్టుకునే నెమ్మదిగా దాని చోటికి పోనిచ్చి, నారి విప్పి, విల్లును నేల మీద పెట్టండి.

ఆ క్షణంలో ఎవరికైనా 'ఏమైందో చూద్దాం, ఇంకోసారి లాగుదాం' అనిపిస్తుంది. దయచేసి లాగకండి. మొదటి లాగుడులో వేలి గోరంత లేచిన పేడు రెండో లాగుడులో జానెడు పొడుగు చీలిపోతుంది. గోరంత పేడును అరగంటలో అతికించవచ్చు. జానెడు చీలితే చాలాసార్లు ఇక చేసేదేమీ ఉండదు.

నేను చేసిన మొదటి మంచి విల్లు చరచి కర్రతో చేసినది. ఉత్తరాదిలో ధామన్ అంటారు, బాగా సాగే గుణమున్న కర్ర. మూడు నెలలు పట్టింది. ఒకరోజు పిడికి జానెడు కింద వీపు మీద, అంటే గురివైపు ముఖం మీద, చిన్న పేడు లేచింది. జిగురు పోసి, పట్టు దారం చుట్టి, వార్నిష్ వేశాను. చూడ్డానికి ఎంతో అందంగా కుదిరింది. మూడో రోజు ఆ చుట్టుకు రెండు వేళ్ల పైన విల్లు విరిగింది. విరిగిన ముక్కలు పక్కపక్కన పెట్టి మందం కొలిస్తే అప్పుడు తెలిసింది. సరిగ్గా ఆ జాగాలోనే కర్రను ఎక్కువ గీకేశాను. మిగతా లింబ్, అంటే పిడి నుంచి కొనదాకా వంగే భాగం, బిగుసుకుని ఉంటే ఆ నాలుగు వేళ్ల చోటే వంగుతూ వచ్చింది. నేను పగులును అతికించాను కానీ ఎందుకు పగిలిందో చూడలేదు. అందుకే ఈ పద్ధతిలో జిగురు పని కన్నా పరీక్షకీ, వంపు సరిచేయడానికీ ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు పగులు ఎలాంటిదో తేల్చుకోండి

విల్లు పట్టుకున్నప్పుడు గురివైపు ఉండే ముఖం వీపు. మనవైపు ఉండేది పొట్ట. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. ఈ రెండు ముఖాల మీద వచ్చే జబ్బులు వేరు, వాటి మందులూ వేరు.

మంచి వెలుతురులో కూర్చుని, నారి లేకుండా, ఈ మూడు పరీక్షలూ చేయండి.

మొదటిది దూది పరీక్ష. కొంచెం దూది తీసుకుని వీపు మీద ఒక కొన నుంచి రెండో కొనదాకా మెల్లగా జరపండి. మళ్లీ అవతలి దిక్కు నుంచి ఇవతలికి. ఎక్కడ పేడు లేచిందో అక్కడ పోగు చిక్కుకుంటుంది. కంటికి కనిపించని పేడును కూడా దూది పట్టేస్తుంది. చిక్కిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

రెండోది టార్చి. గది చీకటి చేసి, టార్చిని విల్లుకు ఆనించినట్టుగా ఏటవాలుగా పట్టి, పొట్ట మీద వెలుగు పారించండి. అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే అవి నలుగుడు గీతలు. అక్కడ పీచు కుంగిపోయింది. అనుమానంగా ఉంటే ఆ చోట పాలిష్ గీకేసి, పలుచటి ఇంకు రాసి, వెంటనే తుడవండి. గీత ఉంటే ఇంకు అందులో నిలిచిపోతుంది.

మూడోది గోరు. పగులు రెండు అంచుల మీదా గోరు ఆనించి నొక్కండి. అంచులు కదులుతున్నాయా, ఒకటి ఎత్తుగా ఉందా చూడండి. కదలని పగులు పాతది, ఆరేటప్పుడు పడింది అయి ఉండొచ్చు. కదిలేది ఇప్పుడే పుట్టినది.

ఇక తీర్పు. లింబ్ పొడుగునా, పీచు వెంట, నిటారుగా పోతూ పక్క అంచును తాకని సన్నటి బీట ఉంటే భయపడనక్కర్లేదు. పచ్చికర్ర ఆరేటప్పుడు ఇలాంటివి వస్తాయి. పలుచటి జిగురు నింపితే చాలు. అదే బీట ఏటవాలుగా వెళ్లి లింబ్ పక్కకు బయటపడితే మాత్రం అది ప్రమాదం. పీచు అక్కడ తెగి ఉంది కాబట్టి లాగిన ప్రతిసారీ విప్పుకుంటూ పోతుంది.

వీపు మీద చిన్న పేడు లేస్తే బాగవుతుంది. పొట్ట మీద ఒకటి రెండు నలుగుడు గీతలుంటే వంపు సరిచేసి బతికించవచ్చు. పిడి దగ్గర అతుకు విడిపోతే అది అన్నిటికన్నా తేలిక.

వీపు మీద అడ్డంగా పగిలితే, అంటే పీచు తెగి లింబ్ వెడల్పులో పావు వంతు దాకా పగులు పారితే, ఆ విల్లు పని అయిపోయింది. ఎంత జిగురు పోసినా, ఎంత దారం చుట్టినా తెగిన పీచు మళ్లీ బరువు మోయదు. గోడకు తగిలించండి, లేదా ఆ కర్రను ఇంకో విల్లుకు అతుకు ముక్కగా దాచుకోండి. దాన్ని లాగి మొహం మీదికి ముక్కలు తెచ్చుకోవద్దు. వెదురు విల్లు కింద పిండి లాంటి పొడి రాలుతుంటే కూడా అంతే. పుచ్చు లోపల ఎంత తిన్నదో పైనుంచి తెలియదు.

ఆరబెట్టడం

చాలామంది ఈ పని చేయరు. తడి ఉన్న పగుల్లో జిగురు పట్టదు. బాగా ఎండిపోయిన కర్రేమో గాజులా పెళుసవుతుంది. విల్లు కర్రలో తేమ 8 నుంచి 10 శాతం ఉంటే సరిపోతుంది. తేమ కొలిచే మీటరు లేకపోయినా ఫర్వాలేదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే సమయానికి విల్లును తూచి రాసుకోండి. మూడు నాలుగు రోజులు బరువు మారకపోతే, మీ ఊరి గాలికి కర్ర సర్దుకున్నట్టే.

కోస్తాలో వానాకాలం విల్లు బరువెక్కుతుంది, బద్ధకంగా వంగుతుంది, విప్పాక కూడా వంపు నిలిచిపోతుంది. రాయలసీమలోనో తెలంగాణలోనో మే నెల ఎండల్లో అదే విల్లు ఎండిపోయి, ముందు బాగా పనిచేసినదే ఉన్నట్టుండి పేడు లేస్తుంది. నాకు తెలిసి వేసవిలో పగిలిన విల్లుల్లో చాలావాటికి మూలం ఇదే. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేసిన విల్లును సాయంత్రం తీసి నేరుగా లాగకండి. నీడలో రెండు రోజులు ఉంచండి.

కావలసినవి

పలుచటి సూపర్ గ్లూ, అంటే ఫెవిక్విక్ రకం. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు ఆరాల్డైట్‌లో 24 గంటలకు గట్టిపడే మామూలు రకం. అయిదు నిమిషాల్లో బిగుసుకునే రకం ఇక్కడ వద్దు, అది అంత బలంగా ఉండదు. పట్టు దారం లేదా నార దారం. నైలాన్ వద్దు, అది సాగుతుంది. మనం చుట్టేదే సాగకుండా పట్టి ఉంచడానికి కదా. ధర్మవరం, పోచంపల్లి లాంటి నేత ఊళ్లు దగ్గరగా ఉంటే నేతగాళ్ల దగ్గర పురి తక్కువగా ఉన్న పట్టు పోగు దొరుకుతుంది. అన్నిటికన్నా బాగా చదునుగా పరుచుకునేది అదే.

ఇంకా 120, 220 నంబర్ల సాండ్‌పేపర్, షేవింగ్ బ్లేడు, పాలిథిన్ కవరు, పెన్సిల్, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, ఆకురాయి, గీకడానికి పదునైన కత్తి బ్లేడు. పాత సైకిల్ ట్యూబు ఒకటి. ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి పెట్టుకోండి. వంపు తిరిగిన లింబ్ మీద ఇనుప క్లాంపు ఒక్క చోటే నొక్కుతుంది, ఈ రబ్బరు పట్టీ చుట్టూతా ఒకేలా బిగిస్తుంది. కంటికి అద్దాలు తప్పనిసరి.

వీపు మీద లేచిన పేడును అతికించడం

పేడును పీకేయాలనిపిస్తుంది. పీకొద్దు. పీకితే అది కిందికి దిగుతూ మంచి పీచును కూడా తనతో లాక్కుపోతుంది. సాండ్‌పేపర్‌తో రుద్దీ చదును చేయొద్దు. వీపు మీద పీచు తెగకుండా ఒక కొన నుంచి ఇంకో కొనకు ఉండాలి, విల్లు బలమంతా అందులోనే ఉంది.

ముందు పగులు చుట్టూ పాలిష్‌ను బ్లేడుతో మెల్లగా గీకేయండి. నూనె పట్టిన విల్లయితే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి గంటసేపు ఆరనివ్వండి. దూది పరీక్ష చేసినప్పుడు చిక్కిన పోగులన్నీ ఒక్కటీ మిగలకుండా తీసేయండి. ఇది ఊరికే చెప్పడం లేదు. సూపర్ గ్లూ దూదికి, కాటన్ గుడ్డకి తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగలొస్తుంది, చర్మం కాలుతుంది. కాటన్ చేతి తొడుగులు వేసుకుని ఈ పని చేయొద్దు.

ఇప్పుడు విల్లును రెండు కుర్చీల మీద ఆనించి, పగులున్న చోట వీపు పైకి కొద్దిగా, చాలా కొద్దిగా, ఉబికేలా వంచండి. నారి ఎక్కించకూడదు. చేత్తో కొనల మీద కాస్త నొక్కితే చాలు. పగులు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. ఒక మనిషి అలా పట్టుకుని ఉంటే రెండో మనిషి జిగురు పోయాలి. ఒంటరిగా ఉంటే పేడు కింద బ్లేడు అంచు దూర్చి ఎత్తి పట్టండి.

చుక్క చుక్కగా పోయండి. పలుచటి జిగురు దానంతటదే లోపలికి పాకుతుంది. పగులు చివరల దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే పగులు ఇంకా పారేది అక్కడి నుంచే. జిగురు పైకి ఉబికి నిలిచిందంటే లోపల నిండినట్టు. అప్పుడు వంపు వదిలేసి, పేడు మీద పాలిథిన్ ముక్క వేసి, పైన చిన్న చెక్క ముక్క పెట్టి, సైకిల్ ట్యూబు పట్టీతో బిగించండి. ఒక పూట వదిలేయండి.

పేడు పెద్దదై, కింద ఖాళీ కనిపిస్తుంటే సూపర్ గ్లూ చాలదు, అది ఖాళీలను నింపే జిగురు కాదు. ఆరాల్డైట్ కలపండి. ట్యూబుల మీద రాసిన పాళ్లు పాటించండి, కంటితో ఉజ్జాయింపు వద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో పగులు చోటును గోరువెచ్చగా చేస్తే జిగురు పలుచనై లోపలికి దిగుతుంది. బ్లేడుతో లోపలిదాకా తోయండి. ట్యూబు పట్టీ మరీ బిగించకండి, జిగురంతా బయటికి వచ్చేస్తే అతుక్కోవడానికి లోపల ఏమీ మిగలదు. పూర్తిగా ఒక రోజు ఆగండి. చలికాలమైతే రెండు రోజులు.

దారం చుట్టడం

జిగురు పేడును కిందికి అతికిస్తుంది, దారం దాన్ని మళ్లీ లేవకుండా ఆపుతుంది. రెండూ కావాలి.

పగులు పై చివరకు ఒక అంగుళం ముందు మొదలుపెట్టి, కింది చివరకు ఒక అంగుళం దాటేదాకా చుట్టాలి. ముందుగా ఆ మేర 220 సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేంత మాత్రమే రుద్దండి. వెదురు వీపైతే దాన్నీ చేయొద్దు. లింబ్ పక్క అంచులు పదునుగా ఉంటే కాస్త గుండ్రం చేయండి, లేకపోతే దారాన్ని కోసేస్తాయి.

దారం మొదటి కొసను లింబ్ పొడుగునా పడుకోబెట్టి, దాని మీదుగానే చుట్టు మొదలుపెట్టండి. పది చుట్లకు ఆ కొస కింద బిగుసుకుంటుంది. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో సందు లేకుండా, దారం తెగదనిపించేంత బిగువుతో చుట్టండి. ఇంకో పది చుట్లు మిగిలి ఉండగా వేరే దారాన్ని మడిచి ఉచ్చులా చేసి లింబ్ మీద పెట్టి, ఆ ఉచ్చు మీదుగా చివరి పది చుట్లూ వేయండి. మిగిలిన కొసను ఉచ్చులో దూర్చి, ఉచ్చును అవతలి వైపు నుంచి లాగితే కొస చుట్ల కిందికి వెళ్లిపోతుంది. ముడి అక్కర్లేదు. ముడి ఎత్తుగా నిలిచి ఎప్పటికైనా ఒరుసుకుపోతుంది.

పైన పలుచటి పొరగా ఆరాల్డైట్ రాసి, దారం తాగాక మిగిలింది వేలితో తుడిచేయండి. వేలికి పాలిథిన్ చుట్టుకోండి.

పూర్వం విల్లు చేసేవాళ్లు దారానికి బదులు జంతువుల కాలి నరాన్ని, అంటే కండను ఎముకకు కలిపే స్నాయువును, వాడేవారు. ఎండిన నరాన్ని సుత్తితో దంచి పోగులుగా విడదీసి, నానబెట్టి, చర్మం నుంచి కాచిన జిగురులో ముంచి చుడతారు. ఆరే కొద్దీ నరం కుంచించుకుపోయి బిగుసుకుంటుంది. అంతకన్నా మంచి చుట్టు లేదని నా అభిప్రాయం. మాంసం కొట్టులో అడిగితే నరం దొరుకుతుంది. జిగురును మాత్రం 60 డిగ్రీలు దాటకుండా నీళ్ల గిన్నెలో పెట్టి వేడి చేయాలి, మరిగిస్తే బలం పోతుంది. వానాకాలం తేమకు ఈ జిగురు మెత్తబడుతుంది కాబట్టి పైన వార్నిష్ తప్పదు. కోస్తాలో ఉండేవాళ్లకు దారం, ఆరాల్డైట్ మేలు.

వెదురు విల్లయితే

మన దగ్గర చేత్తో చేసిన విల్లు అంటే ఎక్కువగా వెదురే. నల్లమల చెంచులు, గోదావరి వైపు కోయలు, కొండరెడ్లు వాడిన విల్లు వెదురుదే. ఇండియన్ రౌండ్ అనే విలువిద్య పోటీల్లో 50 మీటర్లు, 30 మీటర్ల నుంచి పిల్లలు వేసేదీ వెదురు విల్లుతోనే. రాజస్థాన్ నుంచి వచ్చిన విలుకాడు లింబారాం కూడా చిన్నప్పుడు అడవిలో వెదురు విల్లు పట్టే గురి నేర్చుకుని ఒలింపిక్స్ దాకా వెళ్లాడు.

వెదురుకు బలమంతా పైతోలు కిందున్న దట్టమైన పీచులో ఉంటుంది. అందుకే ఆ తోలువైపే వీపుగా పెడతారు. దాన్ని ఎప్పుడూ గీకొద్దు, రుద్దొద్దు. కణుపు దగ్గర పీచు మెలితిరిగి ఉంటుంది కాబట్టి పేడు సాధారణంగా అక్కడే లేస్తుంది. వెదురు పొడుగునా చీలడం కూడా మామూలే. పొడుగు చీలికకు పలుచటి జిగురు పోసి, చీలిక మీద ప్రతి మూడు అంగుళాలకు ఒక చిన్న చుట్టు వేయండి. మొత్తం చుట్టేస్తే లింబ్ బరువెక్కి విల్లు మందగిస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. చిన్న పిల్లలు వాడే వెదురు విల్లు కణుపు దగ్గర పగిలితే బాగుచేయకండి. వెదురు ఖరీదు కాదు, కొత్తది చేయించండి. పిల్లలు ఎంత లాగుతున్నారో చూసుకోరు, విల్లు వాళ్ల కంటికి చాలా దగ్గరగా ఉంటుంది.

పొట్ట మీద నలుగుడు గీతలు

ఇక్కడ జిగురు పనికిరాదు. కుంగిపోయిన పీచులో జిగురు పోసినా అది మళ్లీ నిలబడదు. దారం చుట్టినా అంతే. ఈ గీతలు వచ్చాయంటే ఆ చోటు తన వంతుకు మించి వంగుతోందని అర్థం. దానికి ఆ భారం తగ్గించాలి.

గీతలు సన్నగా, గోరుకు తగలకుండా ఉంటే వంపు సరిచేస్తే సరిపోతుంది. గోరుకు తగులుతుంటే అతుకు ముక్క వేయాలి. గీతలున్న చోటు మధ్యలో పెట్టుకుని, అయిదారు అంగుళాల పొడుగున పొట్టను దోసిలిలా తవ్వండి. మధ్యలో మూడు మిల్లీమీటర్ల లోతు, రెండు చివరలకు వచ్చేసరికి లోతు సున్నా కావాలి. నిట్టనిలువు అంచు ఎక్కడా ఉండకూడదు, ఉంటే అక్కడే మళ్లీ పగులుతుంది. అదే జాతి కర్రలోంచి, పీచు పొడుగునా వచ్చేలా, అయిదు మిల్లీమీటర్ల మందం బద్ద తీయండి. గుంటకు అది అన్నిచోట్లా ఆనుతుందో లేదో చూడటానికి గుంటలో పెన్సిల్ పొడి రాసి బద్దను నొక్కి తీయండి. నలుపు అంటని చోట ఖాళీ ఉన్నట్టు. పూర్తిగా ఆనేదాకా గీకుతూ సరిచేయండి. అప్పుడు ఆరాల్డైట్ రాసి, ట్యూబు పట్టీతో చుట్టి, రెండు రోజులు వదిలి, పైకి ఉన్నదాన్ని చిత్రిక పట్టండి. ఓపిక కావలసిన పని ఇది. తొందరలో చేస్తే ముక్క లేచిపోతుంది.

పిడి అతుకు విడిపోవడం గురించి చెప్పాల్సింది కొంచెమే. పాత జిగురు మొత్తం గీకేసి, 120 సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఆరాల్డైట్ పెట్టి బిగించి, ఒక రోజు ఆగండి. పాత జిగురు మీద కొత్తది రాస్తే నిలవదు. కొన దగ్గర నారి గాడి చీలితే జిగురు పోసి గాడికి కిందుగా అర అంగుళం దారం చుట్టండి. గాడి అంచులను గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి. నారి మార్చండి. చెక్క విల్లుకు కాస్త సాగే డాక్రాన్ (పాలియెస్టర్ దారం) నారే మంచిది. అసలు సాగని కొత్తరకం దారాలు వదిలినప్పుడల్లా కొనలను సుత్తితో కొట్టినట్టు కొడతాయి.

ఎందుకు పగిలిందో కనిపెట్టి వంపు సరిచేయడం

అతుకు గట్టిపడ్డాక పిడి నుంచి రెండు కొనలదాకా ప్రతి రెండు అంగుళాలకు గీత పెట్టి, కాలిపర్‌తో మందం కొలిచి, కాగితం మీద రాయండి. పిడి నుంచి కొనవైపు అంకెలు క్రమంగా తగ్గుతూ పోవాలి. ఎక్కడైనా ఒకచోట తగ్గి మళ్లీ పెరిగితే బలహీనమైన చోటు అదే. చాలాసార్లు అది మీ పగులు పక్కనే ఉంటుంది. ముడి ఉన్న విల్లులో మాత్రం అంకెలు ఒక్కోసారి మోసం చేస్తాయి, అక్కడ కంటినే నమ్మండి.

గోడకు బలమైన పలక బిగించి, దాని మీద విల్లు పిడిని ఆనించండి. నేల దగ్గర ఒక కప్పీ పెట్టి, నారికి తాడు కట్టి, ఆ కప్పీ గుండా తెచ్చి, ఎనిమిది పది అడుగుల దూరం నుంచి లాగండి. విల్లు విరిగితే ముక్కలు పోయే దారిలో మీరుండకూడదు. ఫోన్‌తో వీడియో తీసి, తరవాత ఆపి ఆపి చూడండి. రెండు లింబులూ సాఫీగా వంగుతున్నాయా, ఎక్కడైనా మోచేయిలా మడత పడుతోందా?

మడత పడుతున్న చోట కర్ర ముట్టుకోవద్దు. దానికి రెండు పక్కలా, బిగుసుకుని ఉన్న చోట్ల, పొట్టవైపు నుంచి గీకండి. అవి కూడా వంగడం మొదలుపెడితే మడత చోటుకు భారం తగ్గుతుంది. తరవాత రెండో లింబ్‌ను దీనికి సరితూగేలా గీకాలి. వీపు ఎప్పుడూ గీకొద్దు.

కొద్దికొద్దిగా గీకండి. మందం పది శాతం తగ్గితే అక్కడ బిగువు దాదాపు 27 శాతం పోతుంది, ఎందుకంటే బిగువు మందానికి ఘనం లెక్కన మారుతుంది. వెడల్పు పది శాతం తగ్గిస్తే పది శాతమే పోతుంది. అందుకే తెలిసినవాళ్లు చివరి సవరణలు పక్క అంచుల నుంచి చేస్తారు. పది గీతలు గీకి, ముప్పైసార్లు సగం దూరం లాగి, మళ్లీ చూడండి. గీకిన వెంటనే కర్ర తన కొత్త వంపును చూపించదు, కాసేపు పని చేయించాలి.

ఈ పనిలో విల్లు బలం తగ్గుతుంది. 45 పౌండ్ల విల్లు, అంటే పూర్తిగా లాగడానికి అంత బలం కావలసినది, 38కో 40కో దిగవచ్చు. సామాను తూచే కొక్కెం త్రాసును తాడుకు తగిలిస్తే తెలుస్తుంది, 40 పౌండ్లంటే సుమారు 18 కిలోలు. తగ్గిందని బాధపడకండి. ఎన్నో ఏళ్లు పనిచేసే 38 పౌండ్ల విల్లు, వచ్చే నెల విరిగే 45 పౌండ్ల విల్లు కన్నా మేలు.

మళ్లీ బాణం వేసేముందు

మొదటి రోజు నారిని తక్కువ ఎత్తులో, పిడికి మూడు అంగుళాల దూరంలో ఉండేలా ఎక్కించి అరగంట ఉంచండి. విప్పి దూది, టార్చి పరీక్షలు మళ్లీ చేయండి. రెండో రోజు మామూలు ఎత్తుకు, అంటే ఆరు అంగుళాల దగ్గరకు తీసుకొచ్చి, గోడ మీద పలకకే పెట్టి సగం దూరం ముప్పైసార్లు లాగండి. తరవాత ఒక్కో అంగుళం పెంచుకుంటూ, ప్రతి అంగుళానికీ మళ్లీ ముప్పైసార్లు. ఏ దశలో చప్పుడు వినిపించినా ఆగి, విప్పి, చూడండి.

పాత దూరం దాకా లాగొద్దు. ఒక అంగుళం ముందే ఆపండి. బాగుచేసిన విల్లుకు అదే కొత్త హద్దు. ఆ దూరం తెలిసేలా బాణం మీద టేపు చుట్టి పెట్టుకోండి. బాణం మరీ తేలికైనది వద్దు. విల్లు ఒక్కో పౌండుకు పది గ్రెయిన్ల లెక్కన 40 పౌండ్లకు 400 గ్రెయిన్లు, అంటే సుమారు 26 గ్రాముల బాణం ఉంటే మంచిది. తేలిక బాణం వేస్తే మిగిలిన శక్తంతా తిరిగి కర్రకే తగులుతుంది. ఆ విల్లును ఇంకెవరి చేతికైనా ఇస్తే, ఎక్కడ పగిలిందో చూపించి, ఎంతదాకా లాగాలో చెప్పే ఇవ్వండి.

పగిలిన చోట గీకేసిన పాలిష్‌ను ఇప్పుడు తిరిగి వేయండి. ఉడికించిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) రెండు పూతలు, ఒక్కోదానికి మధ్య ఒక రోజు, పైన తేనెమైనం రుద్దితే చాలు. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి తీగ మీద ఆరేయండి. విల్లును నారి విప్పి, రెండు మేకుల మీద అడ్డంగా, ఎండా పొయ్యి సెగా తగలని గోడకు పెట్టండి. మొదటి నెల, వేసిన ప్రతిసారీ విప్పాక వీపు మీద ఒకసారి దూది జరపండి.